కార్డు తీసేస్తే ఫొటో ఎవరు చూస్తారు?

మొన్న ఉగాదికి బెంగళూరులో మా అపార్ట్‌మెంటులోని తెలుగువాళ్లమంతా క్లబ్ హౌస్‌లో చేరాం. పచ్చడి, పంచాంగ శ్రవణం, పిల్లల డాన్సులు, మధ్యాహ్నం ఓళిగలు (మా హిందూపురం వైపు బొబ్బట్లు అనరు). ఈసారి గోడకి ఫొటోలు కూడా తగిలిద్దామని ఎవరికో తోచింది. నన్నూ అడిగారు. ఆరు కావాలన్నారు కాబట్టి ఐదు మంచివి, లెక్కకి ఇంకొకటి ఇచ్చాను.

పొద్దున వెళ్లి చూస్తే ఆ లెక్కకి ఇచ్చినదొక్కటే గోడ మీద ఉంది. లాల్‌బాగ్ బండ మీద చీకటి పడుతుండగా తీసినది. షట్టర్ నొక్కేటప్పుడు చెయ్యి అదిరింది. బండ మీది కెంపేగౌడ గోపురం రెండు గోపురాలైంది. దాని కింద అందంగా ప్రింటు చేసిన కార్డు: "ఒంటిచేత్తో ఒడిసిపట్టిన వెలుగు."

కమిటీలో పెద్దాయన ఒకరున్నారు, మంచి మనిషి. నా ఆపరేషన్‌కి రక్తం ఇచ్చినవాళ్లలో ఆయన కొడుకు కూడా ఉన్నాడు. పక్కకి పిలిచి, "సార్, ఫొటో ఉంటే ఉండనీండి, ఆ కార్డు తీసేద్దాం" అన్నాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "అదేంది సార్, కార్డు తీసేస్తే ఫొటో ఎవరు చూస్తారు?"

నాకు కోపం రావాల్సింది. రాలేదు, ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. కార్డు లేకపోతే అది పనికిరాని ఫొటో. ఇంటికొచ్చి ఓళిగ తింటున్నా అదే మాట. మూడు వారాలైంది, ఇంకా అదే మాట. అందుకే రాస్తున్నాను.

ఊపిరి పీలిస్తే వంగే చెయ్యి

నా సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 2021 అక్టోబరులో వాన వెలిసిన రాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి జారి కుడి భుజం మీద పడ్డాను. ఎముక విరగలేదు. విరిగి ఉంటే బాగుండేది, అతుక్కునేది. మెడ దగ్గర వెన్నుపాము నుంచి చేతిలోకి దిగే ఐదు నరాల కట్ట దెబ్బతింది. బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. బైకు ప్రమాదాల్లో తల ఒకవైపుకీ భుజం ఇంకోవైపుకీ లాగితే ఆ నరాలు సాగి తెగుతాయి. హెల్మెట్ నా తలని కాపాడింది, ఆ నరాలకి మాత్రం అదేం చేస్తుంది?

ఆరు నెలలు దాటకముందే ఆపరేషన్ చేయించుకోవాలన్నారు, నాలుగో నెలలో చేయించుకున్నాను. పక్కటెముకల మధ్య ఊపిరికి సాయపడే నరాలు కొన్ని ఉంటాయి. వాటిలో మూడింటిని తీసి మోచేతిని వంచే కండకి కలిపారు. నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. గోరు పెరగడం కంటే నయం. తొమ్మిది నెలలకి కండ కదిలింది. తమాషా ఏమిటంటే ఆ నరానికి తెలిసిన పని ఊపిరి పీల్చడమొక్కటే. కాబట్టి మోచెయ్యి వంచాలంటే నేను గట్టిగా ఊపిరి పీల్చాలి. తుమ్మితే, దగ్గితే చెయ్యి దానంతటదే లేచేది. మా అమ్మ ఒకరోజు నవ్వు ఆపుకోలేక, "నువ్వు తుమ్మితే నేను చిరంజీవ అనేదాన్ని. ఇప్పుడు తుమ్మి నువ్వే నాకు దండం పెడతాండావు గదప్పా" అంది. ప్రమాదం తర్వాత మా ఇంట్లో అందరం కలిసి నవ్వడం అదే మొదటిసారి.

మోచెయ్యి కొంత వచ్చింది. వేళ్లు రాలేదు.

ఫొటోలు తీసేవాళ్లకి ఇందులో ఇంకో తమాషా ఉంది. వెలుతురు తక్కువైనప్పుడు ఊపిరి బిగబట్టి షట్టర్ నొక్కమని మొదటిరోజే నేర్పిస్తారు. నా చెయ్యేమో ఊపిరి పీలిస్తేనే పని చేస్తుంది.

తలకిందులు

నా కెమెరా నికాన్ ఎఫ్ఎమ్10. 2003లో మొదటి జీతాలు కూడబెట్టి కొన్నది. 2006లో నికాన్ తన ఫిల్మ్ కెమెరాలు చాలామటుకు ఆపేస్తూ రెండింటిని మాత్రం మిగిల్చింది, అందులో ఇదొకటి. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. తర్వాత డిజిటల్ వచ్చింది, పెళ్లయింది, పాప పుట్టింది, ఎఫ్ఎమ్10 బీరువా మీదికి ఎక్కింది.

కెమెరా కంపెనీలు కుడిచెయ్యి లేనివాడు పుడతాడని ఊహించలేదు. షట్టర్ బటన్ కుడివైపు, ఫిల్మ్ తిప్పే లివర్ కుడివైపు, చేతికి పట్టు కుడివైపు. నాకు తెలిసిన మినహాయింపు జర్మనీలో డ్రెస్డెన్‌లో చేసిన ఎక్సాక్టా. 1936లో వచ్చిన ఆ 35 ఎంఎం కెమెరాకి లివర్, బటన్ రెండూ ఎడమవైపే. ఎందుకలా చేశారో గానీ నాకోసమే చేసినట్టుంది. రెండు నెలలు వెతికితే ఒకటి దొరికింది. వెనక మూత తీసి దీపానికి ఎదురుగా పట్టి చూస్తే షట్టర్ గుడ్డ జల్లెడ. నక్షత్రాలు కనిపించాయి. దణ్ణం పెట్టి తిరిగి ఇచ్చేశాను.

చివరికి ఉపాయం ఇంట్లోనే దొరికింది. కెమెరాని తలకిందులు చేస్తే కుడివైపున్నవన్నీ ఎడమవైపుకి వస్తాయి. బటన్ కిందికొస్తుంది, ఎడమ బొటనవేలు సరిగ్గా దాని మీద పడుతుంది. వ్యూఫైండర్‌లో లోకం తలకిందులు కాదు, నిటారుగానే ఉంటుంది. వెలుతురు కొలత చూపించే చుక్కలు మాత్రం ఇటుపక్కకి మారతాయి. ఫోకస్ తిప్పడానికి ఇంకో చెయ్యి లేదు కాబట్టి జూమ్ లెన్సుని 35 ఎంఎం దగ్గర టేపు వేసి అంటించేశాను. వెలుతురు వచ్చే రంధ్రాన్ని ఎఫ్ 8 దగ్గర ఉంచి 5 మీటర్ల మీద ఫోకస్ పెడితే రెండున్నర మీటర్ల నుంచి కనుచూపుమేర దాకా చాలినంత స్పష్టంగా వస్తుంది. పాత వీధి ఫొటోగ్రాఫర్లు చాలామంది చేసిందే. ఫ్రేమ్ అయ్యాక కెమెరాని కుడి మోచేతి మడతలో ఇరికించి, ఊపిరి పీల్చి బిగించి, ఎడమ బొటనవేలితో లివర్ తోస్తాను. ఫ్రేముకి ఒక ఊపిరి. (ఇప్పుడు ఊపిరి అంత అక్కర్లేదు. మెదడు నెమ్మదిగా నేర్చుకుంది, చెయ్యి ఊపిరి నుంచి విడిపోతోంది. కానీ అలవాటు పోలేదు.)

మొదటి రోలు ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5, నలుపు తెలుపు ఫిల్మ్. ఒంటిచేత్తో రోలు ఎక్కించడానికి నలభై నిమిషాలు పట్టింది. మా పాప పక్కన కూర్చుని, "నాన్నా, నేను పెట్టనా?" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ వద్దన్నాను. వారం రోజులు మల్లేశ్వరంలో, లాల్‌బాగ్‌లో తిరిగి తీశాను. ముప్ఫయ్యారు దాటాక కూడా లివర్ మెత్తగా తిరుగుతూనే ఉంటే గుండెలో రాయి పడింది. అయినా ఆశ చావక ల్యాబ్‌కి ఇచ్చాను. ఫిల్మ్ అద్దంలా తెల్లగా వచ్చింది. అంచున కంపెనీ వేసుకున్న పేరూ అంకెలూ మాత్రం ముత్యాల్లా ఉన్నాయి. ఫిల్మ్ కొస దాన్ని చుట్టుకునే స్పూలుకి పట్టుకోలేదు. అంటే ముప్ఫయ్యారుసార్లు నేను ఊపిరి పీల్చి, ఖాళీ చక్రాన్ని తిప్పాను.

ఇక్కడే నేను చెప్పాలనుకున్న సంగతి మొదలవుతుంది. ఇదే పొరపాటు 2004లో చేశాను, రెండు చేతులూ శుభ్రంగా ఉండగా. హిందూపురంలో మా మేనమామ కూతురి పెళ్లి, తలంబ్రాల రోలు మొత్తం ఖాళీ. మా అత్త నన్ను పెళ్లిపందిట్లోనే కడిగేసింది. ఇరవై ఏళ్లు ప్రతి పెళ్లిలోనూ ఆ కథ చెప్పింది. "కెమెరా ఇచ్చేటప్పుడు జాగ్రత్త, వాడు గాలిని ఫొటో తీస్తాడు" అనేది.

మరి ఈసారి? అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా భార్య "పోనీలే" అంది. అదే అత్త ఫోన్ చేసి, "పాపం, ఆ చేత్తో అంతమాత్రం తీసినాడంటేనే గొప్ప" అంది. అత్తా, నేను తీసిందేమీ లేదు, అది ఖాళీ రోలు అని ఎంత చెప్పినా వినలేదు.

రోలు ఎక్కించాక లివర్ తిప్పినప్పుడు రెండో పక్కనున్న రివైండ్ పిడి కూడా తిరుగుతోందా లేదా చూసుకోవాలి. అది కంటితో చూసే పని, చేతికి సంబంధం లేదు. 2004లోనూ చూడలేదు, ఇప్పుడూ చూడలేదు. నేను మొదటినుంచీ తొందరమనిషిని. ప్రమాదం నా చేతిని తీసుకుపోయిందంటే సరే, నా తొందరని కూడా దాని ఖాతాలో వేస్తే ఎట్లా? ఉద్యోగంలో ఈమెయిల్ ఆలస్యమైతే చెయ్యి, కూర మాడితే చెయ్యి, కోపమొస్తే చెయ్యి. మంచి పని చేస్తే అది కూడా చెయ్యే: "ఆ చేత్తో!" నాకంటూ చేసిన తప్పొకటి మిగలాలి కదా. తిట్టు తినడానికైనా మనిషి ఉండాలి కదా.

మరి ఫోను ఉందిగా

ఉంది. అందరూ అడిగేదే, మా అమ్మతో సహా. ఒంటిచేతివాడికి ఫోను కంటే మంచి కెమెరా లేదు. వాల్యూమ్ బటన్ నొక్కితే చాలు, కావాలంటే నోటితో చెప్పినా తీస్తుంది. చెయ్యి వణికితే తనే సర్దుకుంటుంది. నొక్కింది ఒక్కసారైనా చాటున ఐదారు తీసి, కలిపి, మంచిది చేతిలో పెడుతుంది.

నాకు నచ్చనిది అదే. నేను ఏం తప్పు చేశానో నాకు తెలిసేలోపు అది దిద్దేస్తుంది. నన్ను చూసి మా అత్తలాగే "పాపం" అంటుంది.

ఇందులో బడాయి ఉందని తెలుసు. పైగా చరిత్ర కూడా నా వైపు లేదు. 1888లో ఈస్ట్‌మన్ కోడాక్ కెమెరాని అమ్మింది ఏ మాట మీద? మీరు బటన్ నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం అని. సాయం చేస్తామన్న మాట మీదే ఫిల్మ్ లోకమంతటికీ పాకింది. నేనైనా రోలు తీసుకెళ్లి ల్యాబ్ కుర్రాడి చేతిలో పెట్టి వస్తున్నానే గానీ డెవలపింగ్ ట్యాంకు పట్టుకుని బాత్రూములో కూర్చోవడం లేదు. నా పంతం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాకే సరిగ్గా తెలియదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఫిజియో అమ్మాయి నెలనెలా కోణమాని పెట్టి నా మోచేతిని కొలుస్తుంది. కెమెరా పట్టుకున్నాక కోణం పెరిగింది. "చూశారా సార్, మీకు ఇదే థెరపీ" అంది. అబద్ధమని అనను. కానీ కిలో బియ్యం సంచి ఎత్తినా పెరిగేది. వంట నేర్చుకుంటే వంట థెరపీ, తోట పెంచితే తోట థెరపీ, ఫొటో తీస్తే ఫొటో థెరపీ. దెబ్బ తగిలిన మనిషికి ఇక సరదా ఉండదు, అన్నీ మందులే.

నా ఫొటోల గురించి నాతో ఫొటోల గురించి మాట్లాడినట్టు మాట్లాడేది ల్యాబ్ కుర్రాడొక్కడే. మొదట స్కాన్ చేసినప్పుడు ఫోన్ చేశాడు. "సార్, మీ రోలంతా ఉల్టా ఉంది. కెమెరా రిపేరియా?" సంగతి చెప్పాను. "ఓ" అన్నాడు, అంతే. తర్వాతి రోలు నుంచి అన్నీ తనే తిప్పి పంపిస్తున్నాడు, ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. కిందటి నెల రోలు ఇస్తూ, "ఇందులో రెండు చాలు సార్. మిగతావి ఎందుకు తీసినారు?" అన్నాడు. బండి లేదు కాబట్టి మెట్రోలో ఇంటికొస్తూ ముప్ఫయ్యారూ మళ్లీ చూశాను. రెండే.

పంపేవాళ్లు పంపే కథలు

ఫ్యామిలీ గ్రూపులో నాకు తరచు వచ్చేది జోసెఫ్ సుడెక్ కథ. ప్రాగ్ నగరం ఫొటోగ్రాఫర్, మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ సరిహద్దులో కుడిచెయ్యి పోయింది. అంతకుముందు పుస్తకాలు బైండింగ్ చేసేవాడు, చెయ్యి పోయాక ఫొటోగ్రఫీనే వృత్తిగా పట్టాడు. అదీ చిన్న కెమెరా కాదు, ముక్కాలి పీట మీద నిలబెట్టే పెద్ద పెట్టె కెమెరాలు. "నువ్వూ ఇలాగే" అని దాని కింద దండం బొమ్మలు.

సుడెక్ నాకూ ఇష్టమే. కానీ ఆయన తన స్టూడియో కిటికీని ఏళ్ల తరబడి తీసిన ఫొటోలున్నాయి, అద్దం మీద ఆవిరి, అవతల వంకరచెట్టు. అవి చూసినప్పుడు చెయ్యి గుర్తురాదు. గుర్తొస్తే ఫొటో ఓడిపోయినట్టే. ఆయన 1926లో చెక్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందంతో ఇటలీ వెళ్లి, మధ్యలో వాళ్లని వదిలేసి, దెబ్బ తగిలిన చోటు వెతుక్కుంటూ పోయాడట. రెండు నెలలు మనిషి జాడ లేదు. ఈ సంగతి ఎవరూ ఫార్వర్డ్ చేయరు, ఇందులో స్ఫూర్తి లేదు మరి. నాకు అర్థమయ్యేది ఇదే. ఆటో నేను పడిన బెళ్లందూరు దాటేటప్పుడు నేను ఇప్పటికీ ఫోనులోకి తల దించుకుంటాను. ఆ చోటు ఫొటో తీయమని ఇద్దరు ముగ్గురు చెప్పారు, "పవర్‌ఫుల్‌గా ఉంటుంది" అని. తీయలేదు. తీయను.

అమెరికా యుద్ధ ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ కథ ఇంకా కష్టం. 1945లో ఒకినావాలో షెల్ పేలి ముఖమూ చెయ్యీ చితికాయి. ఏడాది దాటాక మళ్లీ కెమెరా పట్టి తీసిన మొదటి ఫొటో ఆయన పిల్లల్లో ఇద్దరు చెట్ల నీడలోంచి వెలుగులోకి నడిచి వెళ్లేది. ప్రపంచమంతా చూసింది. మొదటిదే గెలవాలని ఆయన పట్టుబట్టాడట. గెలిచాడు. నా మొదటి రోలు సంగతి చెప్పాను కదా.

కదిరి తమ్ముడు

ఇంతసేపూ నేను మాట్లాడింది ఇల్లూ జీతమూ ఉన్నవాడి మాట. ఫిజియో దగ్గర నాతోపాటు కదిరి కుర్రాడొకడు వచ్చేవాడు, ఇరవై నాలుగేళ్లు. భోజనాలు డెలివరీ చేస్తూ పడ్డాడు. అదే భుజం, అవే నరాలు. నాకు ఆఫీసు ఆరునెలలు సెలవిచ్చింది. వాడి యాప్‌లో ఐడీ ఆగిపోయింది, అంతే. నా కెమెరా చూసి, "అన్నా, దీంతో ఏమొస్తాది?" అన్నాడు. వెటకారం కాదు, తెలుసుకుందామనే. రోలు, డెవలపింగ్, స్కానింగ్ కలిపి నాకు పదహారు వందలవుతోంది, అంటే ఫ్రేముకి 44 రూపాయలు. ఒకప్పుడు ఊటీలో 'ఇందు' పేరుతో ఫిల్మ్ చేసిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ మూతపడింది కాబట్టి రోలు సముద్రాలు దాటి రావాలి. ఇదంతా వాడికి ఏమని చెప్పను? "ఏమీ రాదు" అన్నాను.

వైకల్యం కార్డుకి దరఖాస్తు పెట్టుకోవాలి, ఫొటో కావాలన్నాడు. చట్టం ప్రకారం కనీసం 40 శాతం ఉంటేనే చాలా పథకాలు వర్తిస్తాయి, మా ఇద్దరికీ అంతకు మించే ఉంది. వాడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తీశాను. రెండు వారాల తర్వాత ప్రింటు ఇస్తే నవ్వాడు. "అన్నా, ఆ రోజే పక్కన స్టూడియోలో తీయించుకున్నా. ఇది మా అమ్మకిస్తా." వాడి విషయంలో తప్పు వాడిదా చేతిదా అన్న సున్నితపు చర్చకి చోటే లేదు. అది గుర్తొచ్చినప్పుడల్లా నా వాదన కొంచెం సిగ్గుపడుతుంది. అలాగని నోరు మూసుకోదు.

మళ్లీ ఆ గోపురం

గోడ మీద వేలాడిన ఆ ఫొటో దగ్గరికి వస్తాను. 35 ఎంఎం లెన్సుతో 1/30 సెకను కంటే నెమ్మదిగా చేతిలో పట్టుకుని తీయకూడదన్నది పాత సూత్రం. నేను 1/8లో తీశాను. చీకటి పడిందని తెలిసీ, ఇంకొక్కటి అన్న ఆశతో. కాబట్టి తప్పు నాది. కానీ రెండు చేతులున్నప్పుడు స్తంభానికి ఆనుకుని 1/8లో తీసి గట్టెక్కిన రోజులూ ఉన్నాయి. కాబట్టి చేతిది కూడా. ఎంత నాది, ఎంత దానిది? నెగెటివ్‌ని లైటుకి ఎదురుగా పట్టి ఎన్నిసార్లు చూసినా ఆ గీత దొరకలేదు. మా అత్తకి దొరికినంత తేలిగ్గా నాకు దొరకడం లేదు, బహుశా అదే నా ఫిర్యాదు.

చివరికి కార్డు తీయలేదు, ఫొటో నేనే తీసేశాను. పెద్దాయన కొంచెం నొచ్చుకున్నారు. సాయంత్రం లిఫ్టులో కనిపిస్తే ఇద్దరం ఎండల గురించి మాట్లాడుకున్నాం.

తర్వాతి ఆదివారం పొద్దున్నే కేఆర్ మార్కెట్‌కి వెళ్లాను. బెంగళూరులో కెమెరా కొన్న ప్రతివాడూ మొదట వెళ్లేది అక్కడికే, పైఅంతస్తు మీంచి పూలగుట్టలు తీయడానికి. నేను ఇరవై ఏళ్లుగా ఆ గుంపుని వెక్కిరిస్తూ వచ్చాను. ఈసారి కింద నడవల్లోకి దిగాను. కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాను. చామంతి గుట్ట ముందు ఒకావిడ మూరలు కొలుస్తోంది. మోచేతినుంచి వేలికొస దాకా చెయ్యి చాచి, మడిచి, మళ్లీ చాచి. నేను దగ్గరికెళ్లి కెమెరా తిప్పి కంటికి పెట్టుకున్నాను.

ఆమె కొలవడం ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది. "అన్నా, కెమెరా తలకిందులుగా పట్టుకోనుండావు" అంది. నేను నొక్కేశాను. ఆమె పక్కనున్న ఆవిడ వైపు తిరిగి, "కొత్తగా కొన్నట్టుండాడు, తెలీదు పాపం" అంది. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. వంద గ్రాములు చామంతులు కొన్నాను.

ఫొటో మొన్న వచ్చింది. ఆమె చెయ్యి మసకమసగ్గా ఉంది, వెనక పూలగుట్ట మాత్రం రేకురేకూ కనిపిస్తోంది. రెండున్నర మీటర్ల కంటే దగ్గరికి వెళ్లిపోయాను.